కొబ్బరికాయకు పద్ధతితో పనేమిటి?

సత్యాన్ని కనుగొనడానికి ఒక పద్ధతి అవసరమా అన్న ప్రశ్న చాలా పాతది. అవసరమని 1637లో డెకార్ట్ అనే తత్వవేత్త ఫ్రెంచి భాషలో వాదించాడు. శాస్త్రాన్ని ఏ ఒక్క పద్ధతికీ కట్టిపడేయలేమని 1975లో ఫేయరాబెండ్ అనే మరో తత్వవేత్త ఇంగ్లీషులో వాదించాడు. ఇద్దరూ మేధావులే కానీ, పాపం, ఇద్దరిలో ఎవరూ అనంతపురం జిల్లాలో అప్పు తెచ్చి బోరు వేయించినవారు కారు. అందుచేత ఈ విషయంలో తుది తీర్పు చెప్పే అర్హత వారికి లేదని, అది మన కొబ్బరికాయకు మాత్రమే ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ కాయ సంగతి తెలియని పట్టణవాసుల కోసం కొంచెం వివరించాలి. నీళ్లు చూసే స్వామి జుట్టున్న కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా మెల్లగా నడుస్తారు. జల ఉన్న చోటికి రాగానే ఆ కాయ ఎవరూ ముట్టుకోకుండానే లేచి నిటారుగా నిలబడుతుంది. (ఎవరూ అంటే, దాన్ని మోస్తున్న చెయ్యి కాక మిగిలినవారని అర్థం.) వెంటనే ఆయన మడమతో నేల మీద గీత గీసి, రాయి పెట్టి, పసుపు కుంకుమ చల్లించి, "నూట ఎనభై అడుగుల్లో రెండించుల నీళ్లు" అని పాయింటు ఖాయం చేస్తారు. కొందరు వేపపుల్లతో చూస్తారు. ఒంట్లో ఓ పాజిటివ్ రక్తం ఉంటే చాలునని మరికొందరంటారు; రక్తం గ్రూపుకూ భూగర్భ జలానికీ ఏమిటి సంబంధమని అడగడం పద్ధతివాదులకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మనసులో అనుకున్నదాన్ని మనకు తెలియకుండానే కండరాలు చేసిపెడతాయని 1852లోనే కార్పెంటర్ అనే ఇంగ్లీషు వైద్యుడు చెప్పాడు. ఆయన కొబ్బరికాయ పట్టుకుని వేరుశనగ చేలో నడిచిన దాఖలాలు లేవు కనుక ఆ మాటను పక్కన పెడదాం.

ఇక పద్ధతి గలవారి తీరు చూడండి. భూగర్భ శాస్త్రవేత్త వస్తూనే నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి కొలిచి, కడ్డీలను ఇంకాస్త దూరం జరిపి మళ్లీ కొలిచి, కాగితం మీద గీతలు గీసుకుంటాడు. రాయలసీమలో చాలా చోట్ల పైన మెత్తబడిన రాతి పొర, దాని కింద గట్టి బండ ఉంటాయి. నీరు ఆ పొరలోనో, బండ పగుళ్లలోనో దొరకాలి. నీరున్న చోట కరెంటుకు అడ్డు తక్కువ. అయితే బంకమన్ను ఉన్న చోట కూడా తక్కువే. కనుక ఇంత హడావుడీ చేసి ఆ పెద్దమనిషి చివరికి చెప్పేదేమిటంటే, "ఇక్కడ అవకాశం ఉంది." అవకాశమట! మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చినవాడికి, బోరు బండి రేపు పొద్దున్నే ఇంకో ఊరికి వెళ్లిపోతుందని తెలిసినవాడికి, అసలు ఆ శాస్త్రవేత్త ఎప్పుడొస్తాడో తెలియక నెల రోజులు కాచుకున్నవాడికి, అవకాశం అనే మాట చెప్పడానికి నోరెలా వస్తుంది? కాయ అలా నీళ్లు నమలదు. నిలబడిందంటే నిలబడినట్టే.

పద్ధతి లేని సత్యం గొప్పతనం అసలు తెలిసేది రాత్రి రెండు గంటలప్పుడు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి చెవులు పగిలేలా మోగుతూ ఉంటుంది. నూట ఎనభై అడుగులు ఎప్పుడో దాటిపోయాయి. గొట్టం పక్కనుంచి తెల్లటి రాతిపిండి లేచి ఇంటిల్లిపాది నెత్తిన పడుతూ ఉంటుంది. అడుగుకింత చొప్పున లెక్క పెరుగుతోంది, కేసింగు పైపు ఖర్చు వేరే. "స్వామీ, దుమ్మే వస్తా ఉందే" అంటాడు రైతు. "ఇంకో నూరడుగులు పోనీ నాయనా, జల కిందుంది" అంటారు స్వామి. నూరడుగులూ పోతాయి, దుమ్ము మాత్రం తగ్గదు. అప్పుడు కూడా కాయ తప్పు కాలేదని గమనించండి. బండివాడు పాయింటుకు జానెడు పక్కగా దించాడు. లేదా, కాయ నిలబడినప్పుడు ఎవరో చెప్పులతో తొక్కారు. లేదా, పక్క చేనివాడు నిరుడు వేసిన బోరు జలను లాగేసింది. ఇంత పకడ్బందీగా ఉన్న సత్యం ప్రపంచంలో మరొకటి నాకు కనబడలేదు. నీళ్లు పడితే అది కాయ మహిమ, పడకపోతే మిగిలిన విశ్వమంతటి దోషం. ఓడిపోయే వీలున్న సత్యాన్ని నమ్ముకోవడం కంటే ఇది ఎంత క్షేమమో ఆలోచించండి. పైగా మెత్తబడిన పొర మందంగా ఉన్న పల్లంలో ఎక్కడ తవ్వినా కొద్దో గొప్పో చెమ్మ తగులుతుంది కాబట్టి, స్వామివారి విజయాలకు కూడా లోటుండదు.

మన వైపు వాదించేవారు ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. ఇదంతా మన పూర్వుల విజ్ఞానమంటూ తొందరపడి వరాహమిహిరుణ్ణి సాక్ష్యానికి పిలుస్తుంటారు. దయచేసి పిలవకండి, ఆయన మన కొంప ముంచుతాడు. ఆరో శతాబ్దపు ఆ పండితుడు బృహత్సంహితలో నీటి జాడలకే ఒక అధ్యాయం కేటాయించి, నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే చెట్టుకు దక్షిణాన రెండు పురుషుల లోతులో తియ్యటి నీరుంటుందని రాశాడు. పురుషుడంటే చేతులు పైకెత్తి నిలబడిన మనిషి ఎత్తు. చెట్టు పేరు, దిక్కు, లోతు అన్నీ ముందే చెప్పి, తవ్వుతుంటే దారిలో ఏ రంగు మన్ను, ఎలాంటి కప్ప కనబడతాయో కూడా చాలా చోట్ల చెప్పాడు. అంటే పలుగూ పారా ఉన్న ఎవరైనా వెళ్లి, ఆయన చెప్పింది నిజమో అబద్ధమో తేల్చేయవచ్చన్నమాట. చెదలకు తేమ కావాలి కనుక పుట్టను గుర్తుగా తీసుకోవడంలో అర్థముందా అని మన కాలపు భూగర్భ శాస్త్రజ్ఞులు పరిశీలించడానికి వీలైంది కూడా ఆయన అంత స్పష్టంగా రాసిపెట్టడం వల్లే. పూర్వీకుడై ఉండి తన మాటను పరీక్షకు నిలబెట్టడం ఎంత అవివేకం! అరచేతిలో కొబ్బరికాయ ప్రస్తావన ఆ అధ్యాయంలో నాకు కనబడలేదు. అదొక్కటే మనకు ఊరట.

జర్మన్లు ఇంకా అమాయకులు. 1987, 88 సంవత్సరాల్లో మ్యూనిక్ దగ్గర ఒక రెండంతస్తుల కొట్టాంలో, కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి ఇష్టమొచ్చిన చోటికి జరుపుతూ, పై అంతస్తులో పుల్లలు పట్టుకున్నవారిని అది ఎక్కడుందో చెప్పమన్నారు. సుమారు 500 మందిలోంచి ఏరిన 43 మందితో 843 సార్లు ఈ పని చేయించారు. కొందరికి నిజంగానే ఆ శక్తి ఉందని పరీక్ష పెట్టినవారు ప్రకటించి సంతోషించారు. సంతోషంగా ఉన్నవారిని అలా ఉండనివ్వకుండా, ఎన్‌రైట్ అనే అమెరికన్ అవే అంకెలను మళ్లీ లెక్కవేసి, ఇది కళ్లు మూసుకుని చెప్పినదానికంటే ఏమీ మెరుగు కాదని 1999లో తేల్చాడు. ఇక్కడ వచ్చిన తంటా అంతా తప్పిన సమాధానాలను కూడా రాసిపెట్టడం వల్ల వచ్చిందే. తగిలినవి మాత్రం గుర్తుపెట్టుకుని, తప్పినవి మరిచిపోయే మన రచ్చబండ దగ్గర ఈ గొడవ తలెత్తేదే కాదు.

రేపు మన ఊళ్లలో కూడా ఎవరో ఒక కుర్రవాడు లేచి, పంచాయతీ ఆఫీసులో ఒక నోటుబుక్కు పెట్టమంటాడేమోనని నా భయం. బోరు బండి రాకముందే పాయింటు పెట్టినవారి పేరు, వారు చెప్పిన లోతు, చెప్పిన నీళ్లు అందులో రాయాలంటాడు. బోరు వేశాక ఎంత లోతు పోయింది, ఎన్ని నీళ్లు పడ్డాయి అన్నది పక్క గడిలో నింపాలంటాడు. స్వామి అయినా, కడ్డీల శాస్త్రవేత్త అయినా ఒకే పేజీలో ఉండాలంటాడు. కడ్డీలవాళ్లకు ఇందులో ఇబ్బంది లేదు, ఫెయిలైన బోర్లు రాసుకోవడం వాళ్ల ఉద్యోగంలో భాగమే. తరతరాల విశ్వాసాన్ని నలభై రూపాయల నోటుబుక్కుకు తాకట్టు పెట్టే ఈ ప్రతిపాదనను మాత్రం నేను ముందుగానే తీవ్రంగా ఖండిస్తున్నాను. ప్రభుత్వం మొండికేసి ఆ పుస్తకాన్ని తప్పనిసరి చేసేటట్టయితే, స్వామివార్ల గౌరవాన్ని దృష్టిలో ఉంచుకుని, కనీసం "చెప్పిన లోతు" అన్న గడిని బోరు వేయడం పూర్తయ్యాక నింపుకునే వెసులుబాటు కల్పించాలని కోరుతున్నాను.