తాళం లేనివారికి నోటీసు

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన, టెలిగ్రామ్‌లో ఎవరో చూపిన లాభాల ఆశకు లోనై, ఆరు లక్షల రూపాయలతో డాలర్ విలువకు ముడిపడిన యూఎస్‌డీటీ అనే క్రిప్టో నాణెం కొని, వారు చెప్పిన చిరునామాకు పంపేశారనుకుందాం. మోసమని తెలిశాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు, ఫిర్యాదు నమోదవుతుంది. సొమ్ము బ్యాంకు ఖాతాకు వెళ్లి ఉంటే తర్వాత ఎవరిని అడగాలో దర్యాప్తు అధికారికి తెలుసు. ఇక్కడ ఆయన చేతిలో ఉన్నది ‘టీ’తో మొదలయ్యే 34 అక్షరాల చిరునామా ఒక్కటే, అదీ ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ (క్రిప్టో లావాదేవీల పద్దు) మీద. క్రిప్టో దాచుకునే వాలెట్ కంపెనీకి నోటీసు ఇస్తే సరిపోతుందని బాధితుడు అనుకుంటాడు. కానీ ఏ కంపెనీకి ఇవ్వాలి, అది ఇవ్వగలిగింది ఏమిటి అన్న దగ్గరే దర్యాప్తు గాడిలో పడడమో తప్పడమో జరుగుతుంది.

వాలెట్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే ఎక్స్ఛేంజ్ తన వద్దే ఉంచే వాలెట్ బ్యాంకు లాకర్ లాంటిది, తాళం సంస్థ చేతిలో ఉంటుంది. మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్, లెడ్జర్ వంటివి ఇంట్లో బీరువా లాంటివి. వాటి తాళమైన సీడ్ ఫ్రేజ్, సాధారణంగా 12 లేదా 24 పదాలు, వాడుకరి వద్దే ఉంటుంది, బీరువా తయారుచేసినవారి దగ్గర మారు తాళం ఉండదు. అందుకే వీటిని తెరిచి సొమ్ము అప్పగించమని రాసే నోటీసుకు ‘మా వద్ద లేదు’ అన్న జవాబు వస్తే, దాన్ని మొండితనంగా తీసుకోవడం పొరపాటు.

మొదటి రకం విషయంలో మన చట్టం ఇప్పుడు స్పష్టంగానే ఉంది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు ఎక్స్ఛేంజ్‌లనూ, తాళం తమ వద్ద ఉంచుకునే వాలెట్ సంస్థలనూ కేవైసీ, లావాదేవీల రికార్డులను ఐదేళ్లు భద్రపరచమన్నాయి. 2023 మార్చి 7న ఈ సంస్థలు మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. విదేశీ సంస్థలకూ మినహాయింపు లేదని విదేశీ ఎక్స్ఛేంజ్ బినాన్స్‌కు 2024లో కేంద్ర ప్రభుత్వ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ విధించిన 18.82 కోట్ల రూపాయల జరిమానా చెబుతుంది. కాబట్టి స్టేషన్ అధికారి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 94 కింద ఇచ్చే రాతపూర్వక ఉత్తర్వుకు ఇలాంటి సంస్థ పేరు, పాన్, బ్యాంకు ఖాతా, లాగిన్ ఐపీ అడ్రస్‌లు ఇవ్వగలదు.

రెండో రకం సంస్థల దగ్గర ఏమీ ఉండదన్నదీ పూర్తి నిజం కాదు. మెటామాస్క్‌ను నడిపే కన్సెన్సిస్, వాలెట్‌ను బ్లాక్‌చెయిన్‌కు కలిపే తన ఇన్‌ఫ్యూరా సేవ ద్వారా లావాదేవీ పంపినప్పుడు ఐపీ అడ్రస్, వాలెట్ చిరునామా నమోదవుతాయని 2022 నవంబరులో ప్రకటిస్తే వాడుకరులు గగ్గోలు పెట్టారు. లెడ్జర్‌లా తాళాన్ని దాచే పరికరం అమ్మే కంపెనీ వద్ద కొనుగోలుదారు ఇంటి చిరునామా ఉంటుంది, 2020లో లెడ్జర్ నుంచి దాదాపు 2.7 లక్షల మందివి బయటపడినవి అలాంటివే. ఇక 2023లో అదే సంస్థ, కోరుకున్నవారి సీడ్ ఫ్రేజ్‌ను ముక్కలు చేసి మూడు సంస్థల వద్ద దాచే ‘రికవర్’ సేవను తెచ్చింది. ఆ సేవ తీసుకున్నవారి విషయంలో ప్రభుత్వం చట్టబద్ధంగా అడిగితే ఆ ముక్కలు ఇవ్వాల్సి రావచ్చని సంస్థ అధిపతే ఒప్పుకున్నారు. అంటే అధికారులకు కంపెనీ ఏమివ్వగలదన్నది, నోటీసు రావడానికి ఎంతో ముందే, ఆ వాలెట్‌ను ఎలా కట్టారన్న దాంట్లోనే నిర్ణయమైపోతుంది. ఈ విషయాన్ని వాడుకరికి మొదటే చెప్పని కంపెనీని నేను నమ్మను.

నోటీసు పంపాల్సిన చోటు బ్లాక్‌చెయిన్‌లోనే కనిపిస్తుంది. అక్కడ లావాదేవీలు బహిరంగం. పలాస వ్యాపారి యూఎస్‌డీటీ రెండు మూడు బీరువాలు దాటి ఏదో ఒక ఎక్స్ఛేంజ్ లాకర్‌లో పడితే, నోటీసు ఆ ఎక్స్ఛేంజ్‌కు వెళ్లాలి. అదింకా దారిలోనే ఉంటే, చిరునామాను స్తంభింపజేయగలిగేది యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్, వాలెట్ తయారీదారు కాదు. ఈ పనికి గంటల లెక్కే ముఖ్యం. విదేశాలతో పరస్పర న్యాయ సహాయ ఒప్పందాల దారి కోర్టు సాక్ష్యానికి పనికొస్తుందేమో గానీ, పారిపోతున్న సొమ్మును పట్టుకునేంత వేగం దానికి లేదు.

తొందరలో ఇంకో ప్రమాదం ఉంది. కేవైసీలో కనిపించే పేరే దొంగ పేరని తేల్చేస్తే, రాజాంలోనో బొబ్బిలిలోనో కొద్ది మొత్తంలో యూఎస్‌డీటీ అమ్ముకున్న కుర్రాడి జీతం ఖాతా కూడా స్తంభించిపోతుంది. అవతల చాట్ చేసినవాడే ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి చిక్కుకున్న మన ఉత్తరాంధ్ర యువకుడు కావచ్చు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన ముఠాల కేసులు ఆ అనుమానాన్ని కొట్టిపారేయనివ్వవు. అందుకే ‘మీ వద్ద ఉన్న సమాచారమంతా పంపండి’ అనే నోటీసు చూస్తే నాకు చిరాకు. లావాదేవీ హ్యాష్ (బ్లాక్‌చెయిన్‌లో ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్య), తేదీ, సమయం, మొత్తం రాసి, కావలసినంతే అడిగి, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు కావలసిన ధ్రువపత్రాన్ని కూడా అప్పుడే కోరితే కంపెనీకి తప్పించుకునే సందు తగ్గుతుంది, సంబంధం లేనివారి వివరాలూ బయటకు పోవు.

అంత కచ్చితమైన నోటీసు రాయాలంటే ముందు ఆ హ్యాష్ దొరకాలి. అది ఇప్పటికీ పలాస వ్యాపారి ఫోన్‌లోనే ఉంది. కోపంతో యాప్ తీసేయకముందే దాన్ని రాసి పెట్టుకోమని 1930కి చేసిన మొదటి ఫోన్‌లోనే ఆయనకు తెలుగులో చెప్పాలి.