స్టోర్ తీసేసిన ప్రతి యాప్ దొంగ యాప్ కాదు

ఒంగోలు చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పొగాకు రైతుల గ్రూపులో వచ్చింది, మా బీటెక్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "స్టోర్ నుంచి ఒక యాప్‌ని తీసేశారంటే అది దొంగ యాప్ అని అర్థం, వెంటనే ఫోన్లోంచి డిలీట్ చేయండి. నిజాయితీగా చేసినవాళ్ల జోలికి స్టోర్ వాళ్లు రారు. ఒకవేళ పొరపాటు జరిగినా అప్పీల్ చేసుకుంటే తిరిగి పెడతారు. అయినా స్టోర్ వాళ్ల సొంతం, ఎవర్ని ఉంచాలో వాళ్లిష్టం. అది నచ్చని డెవలపర్లు ఏపీకే ఫైల్ పంచుకోవచ్చు, ఎవరు కాదన్నారు?" ఏపీకే అంటే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోన్లో నేరుగా యాప్ వేసుకునే ఫైల్.

నేను ఒంగోల్లో ఉంటూ చిన్న చిన్న యాప్‌లు చేసి బతుకుతున్నవాణ్ని. ఈ మెసేజ్‌లో ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి. దీన్ని నమ్మి డిలీట్ కొట్టినవాళ్లకి ఇప్పటికే నష్టం జరిగింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. దొంగ యాప్‌లు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. లోన్ యాప్‌ల వేధింపులు మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లను కుదిపేశాయో అందరికీ తెలుసు. 2021 ఏప్రిల్ నుంచి 2022 జూలై మధ్య గూగుల్ 2,500కు పైగా లోన్ యాప్‌లను తొలగించిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2024 ఒక్క ఏడాదిలోనే నియమాలకు విరుద్ధంగా ఉన్న 23.6 లక్షల యాప్‌లను ప్లే స్టోర్‌లోకి రానివ్వలేదనీ, 1.58 లక్షలకు పైగా డెవలపర్ ఖాతాలను నిషేధించామనీ గూగుల్ తనే ప్రకటించింది. ఆ పని జరగాల్సిందే, తప్పనడం లేదు. కానీ ఇన్ని లక్షల నిర్ణయాలు జరిగేచోట పొరపాట్లు జరగవని ఎవరనగలరు? జరిగినప్పుడు అవతలి మనిషికి ఏం సమాధానం దొరుకుతోంది అన్నదే నా ప్రశ్న.

"తీసేశారంటే దొంగ యాప్" అన్నది మొదటి మాట. 2020 సెప్టెంబరు 18న పేటీఎం కొన్ని గంటలపాటు ప్లే స్టోర్లో లేదు. క్రికెట్ సీజన్‌కి పెట్టిన ఒక క్యాష్‌బ్యాక్ ఆఫర్ జూదం నియమాల కిందికి వచ్చిందన్నారు. ఆ రోజే తిరిగొచ్చింది. 2024 మార్చి 1న నౌకరీ, 99ఏకర్స్, భారత్ మ్యాట్రిమోనీ లాంటి యాప్‌లు మాయమయ్యాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లూ పెళ్లి సంబంధాలు చూసుకునేవాళ్లూ ఏళ్ల తరబడి వాడుతున్నవి. అక్కడ గొడవంతా స్టోర్‌కి కట్టాల్సిన ఫీజు గురించి, వాడేవాళ్లని మోసం చేశారని కాదు. 2020 మేలో పాడ్‌కాస్ట్‌లు, అంటే ఆడియో కార్యక్రమాలు వినే పాడ్‌కాస్ట్ అడిక్ట్ అనే యాప్‌ని తీసేశారు. దాంట్లో దొరికే కార్యక్రమాల్లో కొన్ని కోవిడ్ గురించి మాట్లాడాయట, అదీ కారణం. ఆ తర్వాత మళ్లీ పెట్టారు.

ఇవన్నీ పెద్దవి, పేరున్నవి. మన పక్క సంగతి చెప్తాను.

టంగుటూరులో మా పిన్ని కొడుకు ఉన్నాడు. పొగాకు పండించే ఇల్లు. ఇంట్లో బ్యారన్ (పచ్చి పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టం) లెక్కలు ఏటా నోటుబుక్కుల్లో గందరగోళంగా ఉంటున్నాయని ఒక యాప్ చేసుకున్నాడు. తర్వాత అటు కొండపి నుంచి ఇటు వెల్లంపల్లి దాకా తెలిసిన రైతులందరికీ ఇచ్చాడు, ఉచితంగానే. తెరవగానే ఒక పట్టీ కనిపిస్తుంది: బేలు (వేలానికి తెచ్చే పొగాకు కట్ట) నంబరు, బరువు, గ్రేడ్, కిలోకి పలికిన ధర. దాని కింద ఖర్చుల పట్టీ: కట్టెలు, కూలీలు, ట్రాక్టరు బాడుగ, కౌలు. అడుగున సీజన్ మొత్తానికి మిగిలిందెంత, పోయిందెంత. అంతే. అక్షరాలు పెద్దవిగా పెట్టాడు, కళ్లజోడు లేకుండా మా పెదనాన్న చదవగలగాలని.

పొగాకు వేలం సీజన్ మధ్యలో ఉండగా ఒకరోజు ఆ యాప్ స్టోర్లో లేదు. వచ్చిన మెయిల్లో ఉన్నది ఒక్కటే సంగతి: పొగాకు అమ్మకానికి తోడ్పడే యాప్‌లకు అనుమతి లేదు. ఈ నియమం రెండు పెద్ద స్టోర్లలోనూ ఉంది, అసలు ఉద్దేశం మంచిదే. సిగరెట్లూ ఈ-సిగరెట్లూ ఫోన్లో ఆర్డరు పెట్టుకునే పరిస్థితి రాకూడదు. కానీ ఇక్కడ అమ్మేది ఎక్కడ? 1975 నాటి పొగాకు బోర్డు చట్టం కింద రైతు వర్జీనియా రకం పొగాకుని బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. బ్యారన్‌కి లైసెన్సు ఉండాలి, ఎంత పండించాలో కూడా బోర్డే చెప్తుంది. ఆ యాప్‌లో కొనే బటన్ లేదు, అమ్మే బటన్ లేదు, డబ్బు కట్టే దారే లేదు. రైతు తన లెక్క తాను రాసుకునే పుస్తకం అది. పేరులోనూ వివరణలోనూ పొగాకు, ధర అన్న మాటలు పక్కపక్కన ఉన్నాయి. యంత్రం ఆ రెండు మాటలు చూసి ఆపేసిందని నా అనుమానం. మనిషి ఒక్క నిమిషం తెరిచి చూసి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఆ వారంలోనే గ్రూపులో ఈ మెసేజ్ దిగింది. కొందరు రైతులు భయపడి డిలీట్ చేశారు. లెక్కలన్నీ ఫోన్లోనే ఉండేలా మావాడు యాప్‌ని కట్టాడు, రైతుల వివరాలు తన సర్వర్లో పెట్టుకోవడం ఇష్టంలేక. డిలీట్ కొట్టగానే ఆ సీజన్ బేళ్ల లెక్క మొత్తం పోయింది. కౌలు రైతు యజమానికి చూపించాల్సిన లెక్క, బ్యాంకులో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాల్సిన లెక్క. దొంగ యాప్ నుంచి కాపాడాలని పంపిన మెసేజ్ వాళ్ల లెక్కలే పోగొట్టింది.

స్టోర్లో కనిపించకపోవడం వేరు, ఫోన్‌కి హాని చేసే యాప్ వేరు. నిజంగా హానికరమైనదని తేలితే ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లే స్టోర్‌తోపాటే వచ్చే ప్లే ప్రొటెక్ట్ అనే రక్షణ సదుపాయం హెచ్చరిస్తుంది, అవసరమైతే ఆ యాప్‌ని తనే ఆపేస్తుంది. మామూలుగా తొలగించినప్పుడు ఫోన్లో ఉన్నది ఉన్నట్టే పనిచేస్తుంది. యాప్ కనిపించకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి: ప్రభుత్వ ఆదేశం, ఫీజు తగాదా, కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు మార్చకపోవడం, చేసినవాడే విసిగి వెనక్కి తీసుకోవడం. మోసం అందులో ఒకటి మాత్రమే.

"నిజాయితీపరుల జోలికి రారు" అన్నది రెండో మాట. ఈ మాట రాసినవాళ్లు ఎప్పుడూ యాప్ పెట్టి ఉండరు. ప్లే స్టోర్లో ఖాతాకి ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి, అది సరే. 2023 నవంబరు తర్వాత ప్లే స్టోర్లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు 20 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్షించాకే యాప్ విడుదలకి అడగాలి. 2024 డిసెంబరులో ఆ 20ని 12 చేశారు. పెద్ద కంపెనీలో స్నేహితులున్నవాడికి ఇది లెక్కలోది కాదు. పొదిలిలో ఒంటరిగా కూర్చుని యాప్ చేసే అమ్మాయికి, రెండు వారాలు యాప్ తీసేయకుండా ఉంచుకునే పన్నెండుమందిని వెతకడమే ఒక టెన్షన్. యాప్ మీద పైసా సంపాదించాలనుకుంటే వ్యక్తిగత ఖాతా అయినా సరే పూర్తి చిరునామా అందరికీ కనిపించేలా పెడతారు. ఇంట్లోంచి పనిచేసే ఆడపిల్లకి దాని అర్థమేమిటో వేరే చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే భయపెట్టేది మరొకటుంది. నిషేధించిన ఖాతాతో సంబంధం ఉందని తేలితే మీ ఖాతా కూడా పోవచ్చు. ఆ సంబంధం ఏమిటో, ఎవరితోనో వివరంగా చెప్పరు. పాత ఆఫీసులో ఎవరి ఖాతాలోనో మిమ్మల్ని సభ్యుడిగా చేర్చి ఉండొచ్చు. ఒకే ల్యాప్‌టాప్ ఇద్దరు వాడి ఉండొచ్చు. చెయ్యని తప్పుకి ఖాతా పోయిందనీ, మళ్లీ తెరవడానికి వీల్లేదనీ మొత్తుకునే డెవలపర్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. నిజాయితీ ఉంటే చాలదు, మీతో ఎప్పుడో పనిచేసిన ప్రతివాడూ నిజాయితీగా ఉండాలి.

ఇక అప్పీల్. 2024 మార్చిలో మన కంపెనీల యాప్‌లు పోయినప్పుడు కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ కలగజేసుకున్నారు, కొద్దిరోజుల్లోనే తిరిగొచ్చాయి. మంచిదే. టంగుటూరు కుర్రాడికి ఏ మంత్రి ఫోన్ చేస్తాడు? మావాడి అప్పీళ్లు నేను దగ్గరుండి రాయించాను. పొగాకు బోర్డు అంటే ఏమిటో, వేలం ఎలా జరుగుతుందో, యాప్‌లో ఏ తెర ఏం చేస్తుందో బొమ్మలతో సహా పెట్టాం. తిరిగొచ్చిన జవాబులో మొదటి మెయిల్లోని వాక్యాలే ఉన్నాయి, కామా కూడా మారలేదు. మేం రాసింది ఎవరైనా చదివారో లేదో దాన్ని బట్టి తెలిసే వీలు లేదు. ఏ తెర తప్పో చెప్తే ఆ రాత్రే మార్చేవాడు.

ఇది మాకొక్కరికే కాదు. ఫైళ్లు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ అనే జర్మనీ సంస్థకి, తన యాప్ పనిచెయ్యడానికి తప్పనిసరైన ఫైళ్ల అనుమతిని ప్లే స్టోర్ నిరాకరించింది. నెలల తరబడి అప్పీళ్లు పెట్టినా పని జరగలేదు. 2025 మేలో ఆ సంస్థ విషయాన్ని బయటపెట్టి, పత్రికల్లో వచ్చాకే అనుమతి తిరిగి దొరికింది. ఒక పరికరంలోని ఫైళ్లని ఇంకోదానికి అందించే సింక్‌థింగ్ ఆండ్రాయిడ్ యాప్‌ని చూసుకునే వ్యక్తి అయితే 2024లో ఆ పనే ఆపేశాడు. ప్లే స్టోర్లో పెట్టడం కష్టానికీ అసాధ్యానికీ మధ్య ఉందన్నది అతను చెప్పిన కారణాల్లో ఒకటి. పత్రికల్లో పడితేనే పనయ్యే అప్పీల్ ఉన్నా లేనట్టే.

"స్టోర్ వాళ్ల సొంతం, వాళ్లిష్టం." వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో నూటికి తొంభైకి పైగా ఆండ్రాయిడ్‌వే. వాటిలో ప్లే స్టోర్ ముందే వేసి వస్తుంది. పక్క వీధిలో ఇంకో దుకాణం ఉన్నప్పుడు చెల్లే మాట ఇది. 2022 అక్టోబరులో సీసీఐ, అంటే కాంపిటీషన్ కమిషన్, గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని ఆండ్రాయిడ్ వ్యవహారంలో రూ. 1,337.76 కోట్లు, ప్లే స్టోర్ చెల్లింపుల వ్యవహారంలో రూ. 936.44 కోట్లు జరిమానా వేసింది. రెండోదాన్ని 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ రూ. 216.69 కోట్లకు తగ్గించింది, కొట్టేయలేదు. అమెరికాలోనూ 2023 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ అనే గేమ్‌ల కంపెనీ వేసిన కేసులో జ్యూరీ గూగుల్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 2025 జూలైలో పైకోర్టు దాన్నే ఖాయం చేసింది. సొంతమైతే ఏమైనా చెయ్యొచ్చని ఏ చట్టమూ అనడం లేదు.

మన వేలం కేంద్రాన్నే చూడండి. అక్కడా బేళ్లు తిరస్కరిస్తారు, రైతుకి కడుపు మండుతుంది. కానీ రైతు తన బేలు పక్కనే నిలబడి ఉంటాడు. వద్దన్నది ఎవరో కళ్లతో చూస్తాడు. తడి ఎక్కువైందా, గ్రేడ్ కలిసిందా అని అక్కడికక్కడే అడుగుతాడు. వేలం నిర్వహణాధికారి దగ్గరికి వెళ్తాడు. అన్యాయం అనిపిస్తే నలుగురూ కలిసి వేలాన్నే ఆపిస్తారు. ఆ బేలు ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ గ్రేడ్ చేసి, ఇంకోరోజు తెస్తాడు. అక్కడ అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు, అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. యాప్ చేసినవాడికి ఆ మాత్రం కూడా లేదు.

చివరిది ఏపీకే. ఈ సలహా ఇచ్చిన గ్రూపుల్లోనే సైబర్ క్రైమ్ పోలీసుల హెచ్చరిక కూడా తిరుగుతోంది: వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే తెరవొద్దని. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో పంపిన ఏపీకేలు తెరిచి ఖాతాలు ఖాళీ అయినవాళ్లున్నారు కాబట్టి ఆ హెచ్చరిక నూటికి నూరుపాళ్లు సరైనది. అలాంటప్పుడు మావాడు ఏ మొహంతో రైతుకి ఏపీకే పంపాలి? తన యాప్ కోసం రైతుకి ఒక చెడ్డ అలవాటు నేర్పడం వాడికిష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. మన దేశంలో ఐఫోన్ ఉన్నవాళ్లకైతే ఆ దారి కూడా లేదు.

పైగా "ఎవరు కాదన్నారు?" అన్నది కూడా మారుతోంది. స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్‌లకి కూడా డెవలపర్ తన వివరాలు తమ దగ్గర ధ్రువీకరించుకోవాలని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకి విస్తరిస్తామంది. వ్యతిరేకత వచ్చాక, తెలిసినవాళ్లు ధ్రువీకరణ లేని యాప్‌లని కూడా వేసుకునే మార్గం ఉంచుతామని 2025 నవంబరులో చెప్పింది. ఆ మార్గం ఎంత ఇరుకుగా ఉంటుందో చూడాలి.

2024 మార్చిలో కేంద్రం డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. పెద్ద వేదికలు తప్పు చేశాక జరిమానా వెయ్యడం కాకుండా, ముందే కొన్ని బాధ్యతలు పెట్టడం దాని ఆలోచన. అలాంటి చట్టం ఏదొచ్చినా అందులో మూడు సంగతులు ఉండాలని నా కోరిక: ఏ తెర, ఏ వాక్యం నియమాన్ని తప్పిందో రాసి ఇవ్వాలి, అప్పీల్‌ని ఒక మనిషి గడువులోగా చదివి పేరుతో జవాబివ్వాలి, వాడేవాళ్లకి హాని లేని తప్పయితే దిద్దుకోవడానికి వ్యవధి ఇచ్చాకే తీసెయ్యాలి.

ఈలోపు మీరు వాడే యాప్ స్టోర్లో కనిపించకపోతే డిలీట్ చెయ్యకండి. ముందు అందులోని లెక్కలు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఆ సదుపాయం లేకపోతే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ప్లే ప్రొటెక్ట్ తెరిచి స్కాన్ చేసి చూడండి. డబ్బులు, కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్ అయితే అనుమతులన్నీ వెంటనే ఆపేయండి. చేసినవాళ్ల నంబరు ఉంటే ఫోన్ చేసి, స్టోర్ నుంచి వచ్చిన మెయిల్ చూపించమని అడగండి. టంగుటూరు, కొండపి రైతుల్లో ఆ లెక్కల యాప్ డిలీట్ చెయ్యనివాళ్లు ఎవరైనా ఉంటే, మెనూలో మూడోది 'లెక్కలు దాచు' అని ఉంటుంది. అది నొక్కితే బేళ్ల పట్టీ మొత్తం పీడీఎఫ్‌గా దిగుతుంది, ఈ రోజే చేసుకోండి.