పసి చెవికి మనిషి గొంతు కావాలి

పసిపిల్లల మెదడుకు పదును పెడతామంటూ సంగీతాన్ని అమ్మే యాప్‌లు, వీడియోలు పెరిగిపోయాయి. బిడ్డ ఎక్కడ వెనకబడుతుందోనన్న టెన్షన్‌లో తల్లిదండ్రులు వాటిని తేలిగ్గా నమ్ముతారు. వారిని తప్పుపట్టలేం. కానీ ఈ నమ్మకానికి ఊతమిచ్చిన ప్రయోగం సంగతి వారికి ఎవరైనా చెప్పాలి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు మొజార్ట్ సంగీతం విని, ఆకారాలను ఊహించే పరీక్షలో కాస్త మెరుగ్గా రాణించారు. ఆ ప్రభావం పావుగంటలో పోయింది. వారిలో పసిబిడ్డలే లేరు. అయినా 1998లో ఆ దేశంలోని జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్ తమ రాష్ట్రంలో పుట్టే ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇద్దామంటూ ప్రజాధనం అడిగారు.

పసి మెదడు నిజంగా చేసే పని ఈ ప్రచారాలకన్నా ఎంతో గొప్పది. ఏడో నెల వచ్చేసరికే కడుపులోని బిడ్డ శబ్దాలకు స్పందిస్తుంది. మాటలు విడివిడిగా అందవు గానీ తల్లి గొంతులోని లయ, ఎత్తుపల్లాలు అందుతాయి. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు తల్లి గొంతు వినడం కోసం పాలపీకను చప్పరించే తీరునే మార్చుకున్నారని పరిశోధకులు డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపించారు. 2009లో ప్రచురితమైన మరో ప్రయోగంలో, నిద్రపోతున్న నవజాత శిశువులకు తాళం వినిపిస్తూ ముఖ్యమైన దెబ్బను తప్పిస్తే మెదడు ఆ లోటును గుర్తించింది.

తర్వాతి నెలల్లో ఈ చెవి పరిసరాలకు తగ్గట్టు తనను తాను మలుచుకుంటుంది. ఇంగ్లీషు వినిపించే ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట తేడాను పసిగట్టారని పరిశోధకులు వెర్కర్, టీస్ 1984లో తేల్చారు. ఏడాది దగ్గరపడేసరికి వారిలో చాలామందికి ఆ తేడా అందలేదు. తాళాలదీ ఇదే కథ. ఉత్తర అమెరికా పిల్లలు ఆరో నెలలో ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ ప్రాంతపు చిక్కు తాళాల్లోని తేడాలనూ పట్టుకుంటారు, ఏడాదికి ఆ నేర్పు తగ్గుతుంది. అయితే కొద్ది రోజులు ఆ సంగీతం వినిపిస్తే మళ్లీ వస్తుంది. ఈ సంగతి మాకు చాలా ఊరటనిచ్చింది.

మరి ఆ వినిపించేది ఎవరు? 2003లో పరిశోధకురాలు పాట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు 12 సార్లు చైనా భాష మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి నుంచి పిల్లలు ఆ ధ్వనులు నేర్చుకున్నారు. అవే మాటలు తెర మీద చూసినవారు, ఆడియోలో విన్నవారు నేర్చుకోలేదు. అందుకే తల్లిదండ్రులకు మేం చెప్పేది ఒకటే: మీరే పాడండి. శ్రుతి తప్పినా ఫర్వాలేదు. పాటను మాటకన్నా ఎక్కువసేపు పిల్లలు కుదురుగా వింటారు.

ప్రభుత్వాలు ఖర్చు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురు శాశ్వత వినికిడి లోపంతో పుడతారు. చూసి చెప్పడానికి వీల్లేని లోపమిది. నిద్రలోనే, నొప్పి లేకుండా, నిమిషాల్లో ముగిసే పరీక్ష ఉన్నా చాలామంది పిల్లలకు అది అందడం లేదు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స లేదా శిక్షణ జరగాలని నిపుణులు ఎప్పుడో చెప్పారు. మొదటి పరీక్షలో తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు, చెవిలో ద్రవం మిగిలినా అలా వస్తుంది. కానీ రెండో పరీక్షకు తప్పక వెళ్లాలి. లోపం తేలితే వినికిడి యంత్రంతోపాటు సంజ్ఞా భాషనూ మొదటి నెలల్లోనే ఇంటికి చేర్చాలి. సంజ్ఞలు చూస్తూ పెరిగే బధిర శిశువులు చేతులతోనే ముద్దుపలుకులు పలుకుతారు. ప్రసవం జరిగే ప్రతి ఆసుపత్రిలో, టీకాల చీటీతోపాటు వినికిడి పరీక్ష ఫలితం కూడా ఇచ్చాకే బిడ్డను ఇంటికి పంపాలని కోరుతున్నాం.