కరిచే బూటు పక్షాన

ఈమధ్య వ్యవసాయం చేసేవాళ్లలో ఒక ప్రమాదకరమైన అలవాటు కనిపిస్తోంది. గమ్‌బూట్లు కొనేముందు కొందరు వాటిని తొడుక్కుని చూస్తున్నారు. అంతటితో ఆగినా సరిపెట్టుకునేవాళ్లం. తొడుక్కుని నడుస్తున్నారట, గొంతుక్కూర్చుంటున్నారట, పనిలో వేసుకునే మందపాటి మేజోళ్లు ఇంటినుంచి తెచ్చుకుని మరీ చూస్తున్నారట. "రంగు బాగుంది, ఇచ్చేయండి" అని రెండు నిమిషాల్లో తేలాల్సిన వ్యవహారాన్ని పాదాల సుఖం దాకా లాగుతున్నారు. ఇదిలాగే సాగితే రేపు టోపీ కూడా తలకు సరిపోవాలంటారు. కాబట్టి కరిచే బూటు పక్షాన నాలుగు మాటలు చెప్పడం మా కనీస బాధ్యత.

ముందు చరిత్ర చూద్దాం. ఈ బూటు మూలపురుషుడు రైతు కాదు, సేనాధిపతి. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెలస్లీ, అంటే మొదటి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, అప్పట్లో వాడుకలో ఉన్న హెస్సియన్ అనే పొడవాటి తోలు బూటును తనకు అనువుగా మార్చమని లండన్‌లో హోబీ అనే బూట్ల తయారీదారుకు పురమాయించాడు. హోబీ దాన్ని దూడతోలుతో, పిక్కకు అతుక్కునేలా కుట్టిచ్చాడు. అందులో రబ్బరు ఇసుమంత కూడా లేదు. పొద్దున గుర్రం ఎక్కడానికీ, సాయంత్రం నలుగురిలో తిరగడానికీ పనికొచ్చే బూటు అది. పేడ తొక్కే ఉద్దేశం దానికి ఏ కోశానా లేదు.

ఈ హోబీ సామాన్యుడు కాడు. డ్యూక్ గెలిచిన యుద్ధాలన్నీ తన బూట్ల వల్లా, తన ప్రార్థనల వల్లా గెలిచినవేనని చెప్పుకునేవాడట. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, మీరు కుట్టిన బూట్లు పిగిలిపోయాయని ఫిర్యాదు చేశాడట. ఎలా పిగిలాయని హోబీ అడిగాడు. గుర్రపుశాల దాకా నడిచానన్నాడు ఆయన. "నడిచారా! నేను కుట్టింది స్వారీకండీ, నడకకు కాదు" అని హోబీ ఈసడించాడట. ఆ తర్వాత ఎన్నో గ్యారంటీ కార్డులు అచ్చయ్యాయి గానీ, ఇంత నిక్కచ్చిది మాకు కనిపించలేదు. తప్పు బూటుది కాదు, అందులో నడిచినవాడిది. మా వాదనకు పునాది ఇదే.

తోలు పోయి రబ్బరు వచ్చాక పరిస్థితి కొంత దిగజారిందని ఒప్పుకోవాలి. పచ్చి రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు పీడలూ వదులుతాయని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1844లో అమెరికాలో పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ పద్ధతిని పాదరక్షలకు వాడుకునే హక్కు హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ కొనుక్కుని, 1853లో ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పటిదాకా కొయ్యచెప్పులతో పొలంలో దిగిన అక్కడి రైతులు ఆ తర్వాత పొడి పాదాలతో ఇల్లు చేరడం మొదలుపెట్టారు. సుఖానికి అలవాటు పడటం అక్కడే మొదలైంది.

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో రోజుల తరబడి నీళ్లలో నిలబడి సైనికుల పాదాలు చచ్చుబడ్డాయి. ట్రెంచ్ ఫుట్ అన్నారు దాన్ని. అప్పుడు ఎడిన్‌బరోలోని నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ బ్రిటిష్ సైన్యానికి 11,85,036 జతల బూట్లు చేసిచ్చింది. అవి మంచి బూట్లే అయ్యుండవచ్చు, దాంతో మాకు పేచీ లేదు. మాకు నచ్చింది ఆ ఏర్పాటు. ఆర్డరు మీద సంతకం పెట్టేది ఒకరు, నీళ్లలో నిలబడేది మరొకరు. సంతకానికి సైజుతో పనిలేదు కదా.

ఇక అసలు విషయం. కరిచే బూటు దొరకబుచ్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు, కాస్త సాధన కావాలి. కొట్టుకు పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి, పొద్దున సరిగ్గా సరిపోయిన బూటు పొద్దువాలేసరికి పట్టకారై కూర్చుంటుంది. మేజోళ్లు పల్చటివి వేసుకెళ్లాలి. బూటు కూర్చునే తొడుక్కుని కూర్చునే విప్పేయాలి. లేచి నిలబడితే వేళ్లు ముందుకు జరిగి, బొటనవేలి ముందు కాస్తయినా ఖాళీ ఉందో లేదో తెలిసిపోయే ప్రమాదం ఉంది. గొంతుక్కూర్చోవడం అంతకన్నా ప్రమాదం. బూటు పైఅంచు మోకాలి వెనక గుచ్చుకుంటుందా లేదా అన్న రహస్యం అప్పుడే బయటపడుతుంది. పిక్క దగ్గర ఒకటి రెండు వేళ్ల సందు ఉండాలని కొందరు చాదస్తులు అంటారు. సందు లేకపోతే చెమట, మరీ ఎక్కువైతే లోపల గడ్డిగింజలు, రెండూ మనకు సమ్మతమే.

ఇవేవీ కుదరకపోతే ఒక సైజు పెద్దది కొనేయడం ఉత్తమం. లేసులు లేని బూటు కాబట్టి మడమ కాస్త లేవడం ఎటూ తప్పదు. కానీ ఒక సైజు పెంచామంటే అడుగడుగునా లేచి, రాసుకుని, మధ్యాహ్నానికి బొబ్బ తయారు. పెద్ద సైజు వల్ల ఇంకో లాభం ఉంది. అది చూడాలంటే గేటు దగ్గర, పశువులు తొక్కితొక్కి చేసిన అడుసు దాకా వెళ్లాలి. రెండు చేతుల్లో రెండు దాణా బకెట్లు. ఎడమకాలు అడుసులో దిగింది. కుడికాలు ముందుకు పడింది. ఇప్పుడు ఎడమకాలు లేపితే కాలు ఒక్కటే వస్తుంది. బూటు నోరు తెరుచుకుని అక్కడే నిలబడి ఉంటుంది. మేజోడు సగం జారి వేళ్ల ముందు వేలాడుతుంటుంది. బకెట్లు దించడానికి పొడిచోటు లేదు, వెనక్కి తిరగడానికి వీలు లేదు. ఇక ఒంటికాలి మీద తపస్సే. ఆ తపస్సు ఎక్కువసేపు సాగిన దాఖలాలు లేవు. చివరికి మేజోడే ముందు అడుసులో దిగుతుంది. కాలు ఒక్కసారిగా పైకి లాగకుండా, ముందు మడమ వైపు ఎత్తి గాలి చొరబడనిస్తే బూటు కాలితోపాటే వస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. తపోభంగం చేయడానికి ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

సరుకు దగ్గర కూడా అప్రమత్తంగా ఉండాలి. సహజ రబ్బరు మెత్తగా వంగుతుంది, నడకకు హాయిగా ఉంటుంది. అంటే అనుమానించాల్సిందే. అయితే దాన్ని దారికి తెచ్చే మార్గాలున్నాయి. ఎండలో వదిలేస్తే పగుళ్లిస్తుంది. డీజిలు, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తడిసిన బూట్లను పొయ్యి పక్కన ఆరబెడితే పని ఇంకా త్వరగా అవుతుంది. పగులు ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పవచ్చు. కాలివేళ్లు వంగేచోట, పైన అడ్డంగా పడే మడత ఉంటుందే, అక్కడ. కొత్త బూటును చేత్తో అక్కడ వంచి చూస్తే దాని ఆయుష్షు ఎంతో కొంత తెలుస్తుంది కాబట్టి ఎవరూ వంచకూడదు. దాచిన రబ్బరు బూటు మీద తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం ఆశపడవద్దు. అది పాడవడం కాదు. లోపలి మైనం, ఇతర పదార్థాలు పైకి తేలడం. తుడిస్తే పోతుంది.

పీవీసీ బూటు చవక, పేడనీళ్లకూ నూనెలకూ ఓర్చుకుంటుంది. చలి పెరిగితే మాత్రం బిర్రబిగుసుకుంటుంది. రబ్బరు బూటుకు చిల్లుపడితే సైకిలు పంక్చర్ అతుకుతో సరిచేసుకునే గడుసువాళ్లున్నారు. ఆ అతుకు పీవీసీ మీద సరిగ్గా నిలవదు కాబట్టి ఈ రకం మా ఉద్యమానికి నమ్మకమైన మిత్రుడు. అసలు శత్రువు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బూటు. దాని నిండా సన్నని గాలిబుడగలుంటాయి, కాబట్టి తేలిక. చలి లోపలికి రాదు, పేడనీళ్లకు జంకదు. రోజంతా కాళ్లమీదే ఉండేవాళ్లు ఒకసారి వేసుకున్నారంటే మళ్లీ మన దారికి రారు. ఖరీదు ఎక్కువన్న ఒక్క మాటతోనే దాన్ని అడ్డుకోవాలి. ఏడాదికి రెండు జతల చవక బూట్లు కొనడమే పొదుపని లెక్క చూపించాలి. ఆ కాగితం మీద కూడిక చేయనివ్వకూడదు.

బూటు అడుగున నేలకు తగిలే అట్ట గురించి ఎక్కువ చెప్పేది లేదు. బురదకు లోతైన, ఎడంగా ఉన్న గాడులు కావాలి, నడుస్తుంటే మట్టి దానంతటదే రాలిపోవాలి. తడిసిన నున్నటి సిమెంటు నేల మీద అలాంటి అట్ట నేలను తాకేది తక్కువ, కాబట్టి అక్కడ నేలకు బాగా ఆనే, దగ్గరదగ్గర గీతలున్న అట్ట నయం. రెంటికీ ఒకటే చాలని చెప్పి అమ్మేవారికి మా అభినందనలు.

ఇక గట్టి ముక్కు బూట్లు. భద్రతా బూట్లకు ఐఎస్ఓ 20345 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వాటిమీద ఎస్4, ఎస్5 అని గుర్తులుంటాయి. రెండింటిలోనూ వేళ్లమీద 200 జౌల్స్ శక్తి గల దెబ్బకు తట్టుకునే తొడుగు ఉంటుంది. అంటే సుమారు 20 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి పడ్డా వేళ్లు దక్కుతాయి. ఎస్5లో మేకు దిగకుండా అరికాలి కింద అదనంగా ఒక పొర. వినడానికి బాగానే ఉంది. కానీ అయిదారు వందల కిలోల ఆవు మన పాదం మీద తాపీగా కాలుపెట్టి, మరో దిక్కు చూస్తూ నెమరు వేసే అనుభవాన్ని ఇలా అడ్డుకోవడం భావ్యమా?

చిల్లుబూటు వల్ల జబ్బులొస్తాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిములు ఉండవచ్చనీ, అవి ఒంటిమీది చిన్న గాయం గుండా కూడా లోపలికి పోతాయనీ వాళ్లు చెబుతారు. నిజమే. కానీ ఇక్కడ శ్రమ విభజన గమనించండి. మడమ దగ్గర గాయం బూటే చేస్తుంది, అరికాలి కింద నీళ్లు బూటే తెస్తుంది. బయటివాళ్ల సాయం అక్కర్లేదు.

ఆడవాళ్ల బూట్ల సంగతి చెప్పకపోతే వ్యాసం అసంపూర్తి. మడమ సన్నగా, పాదం ముందుభాగం దాంతో పోలిస్తే వెడల్పుగా ఉండే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. దానికి వేరే అచ్చు కావాలి. కానీ అచ్చు మార్చడం ఖర్చు, రంగు మార్చడం చవక. అందుకని మగవాళ్ల అచ్చులో చిన్న సైజు తీసి, దానిమీద పువ్వులేసి అమ్ముతారు. మడమ జారుతోందంటే రెండో జత మేజోళ్లు వేసుకోమంటారు. పొలం పనిలో పెద్ద భాగం చేస్తున్నవాళ్లకు పువ్వులు ఇచ్చాం కదా, ఇంకా ఏం కావాలి అన్నదే మా పక్షం కూడా.

పెద్ద పశువుల శాలల్లో, తోటల్లో పనివాళ్లందరికీ యజమానే ఒకే సైజులో బూట్లు తెప్పించి పంచే పద్ధతి మాకు ఎంతో సంతృప్తినిచ్చేది. దాని మీదా ఇప్పుడు ఈ తొడుక్కుని చూసేవాళ్ల కన్నుపడింది. బూట్లు ఎంపిక చేసిన మనిషి వాటిని తొడుక్కుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా శాల కడిగి, పేడ ఎత్తి, అప్పుడు సంతకం పెట్టాలట. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఆయన పాదాలు ఎంత సున్నితమో తెలిసే మాట్లాడుతున్నారా వీళ్లు!