ఆర్సీ మీద మకాం వేసిన హైపోథికేషన్ గారికి

హైపోథికేషన్ గారూ (అదే, లోన్ తీరేదాకా బండి బ్యాంకుకి తాకట్టులో ఉందని ఆర్సీలో వేసే ముద్ర గారూ), నమస్కారం.

2018 దసరాకి కారు కొన్నా, ఆ నవంబర్ నుంచి నెలనెలా 5వ తారీకున జీతం నా చేతికి తగలక ముందే మీకు 9,800 సమర్పించుకున్నా, మొత్తం 84 ఈఎంఐలు. 2025 అక్టోబర్లో ఆఖరిది కట్టి కారుకి కొబ్బరికాయ కొట్టి, ఇంట్లో పాయసం చేయించి, బండి ఇక మనదే అని ఊరంతా చెప్పుకున్నా. తీరా ఆర్సీ తీసి చూస్తే నా పేరు కింద బ్యాంకు పేరుతో మీరు కాలు మీద కాలేసుకుని అలాగే కూర్చున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లని చూశాం గానీ, ఏరు దాటాక కూడా నెత్తి దిగని తెప్పని మిమ్మల్నే చూశా.

బ్యాంకు వాళ్లు ఎన్ఓసీ, అంటే అప్పు తీరింది మాకు అభ్యంతరం లేదనే కాగితం, దాంతోపాటు ఆర్సీలోంచి మిమ్మల్ని తీయించడానికి సంతకం స్టాంపు వేసిన ఫారం 35 రెండు కాపీలు పంపారు, నేనేమో అదేదో స్వాతంత్ర్య పత్రం అన్నట్టు మూలలకి పసుపు రాసి దేవుడి గదిలో పెట్టా. జనవరిలో ఆర్టీఏకి పట్టుకెళ్తే "సార్ దీనికి మూడు నెలలే టైము, అయిపోయింది" అన్నారు. ఏడేళ్లు ఒక్క రోజు ఆలస్యం చెయ్యని మనిషికి ఇదా మర్యాద! (సరే, ఆ డేటు చదవకపోవడం నా తప్పే, మా ఆవిడ ఇప్పటికి పదిసార్లు చెప్పింది.)

పోనీ ఊరికే కూర్చున్నారా అంటే అదీ లేదు. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా మీరే, రేపు బండి తుక్కయిపోతే క్లెయిమ్ డబ్బులు ముందు మీ వాళ్ల దగ్గరికే వెళ్తాయంట, రూపాయి బాకీ లేకపోయినా సరే. అమ్ముదామన్నా మీరు దిగందే పేరు మారదు.

ఇంకో విషయం, లోన్ అయిపోయిన సంగతి షోరూమ్ అబ్బాయికి ఎవరు చెప్పారండీ? "సార్, సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, ఎక్స్ఛేంజ్‌లో పెట్టేయండి" అని రోజూ ఫోను. మరి నా పాత కారుకి ఎంతిస్తావయ్యా అంటే రెండు లక్షల అరవై అన్నాడు, అదేంటి అంత తక్కువ అంటే కొత్తవి తగ్గాయి కదా సార్ పాతవీ తగ్గుతాయి అన్నాడు. అంటే ఆ జీఎస్టీ లాభం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే, పైన మళ్లీ 84 నెలలు మీ సేవ. మావాడికి సన్‌రూఫ్ కావాలంట, మా వీధిలో ఎండకి డాబా మీదే నిలబడలేం, కారుకి చిల్లెందుకురా అంటే వినడు. బ్యాంకు వాళ్లయితే ఇంకా ఘనం, అదే కారు మీద టాపప్ లోన్ ఇస్తారంట!

నేను మాత్రం ఉంచేసుకుందామని డిసైడయ్యా. లైఫ్ ట్యాక్స్ ఎప్పుడో కట్టేశా, ఆర్సీ 2033 దాకా ఉంది, క్లచ్ ప్లేటూ నాలుగు టైర్లూ మార్పిస్తే మా అమ్మని తిరుపతి తీసుకెళ్లి తీసుకురాదా? ఆ 9,800 ఆర్డీలో వేస్తున్నా, 5వ తారీకునే, చెయ్యి అలవాటు పడిపోయింది మరి.

కొత్త ఎన్ఓసీకి మళ్లీ ఫీజు కట్టా, వచ్చింది, ఈసారి దేవుడి గదిలో పెట్టలేదు. మిమ్మల్ని దింపడానికి స్లాట్ కూడా దొరికింది, మంగళవారం. ఆ రోజు అమావాస్య, గడప దాటొద్దంటోంది మా అమ్మ.

ఇట్లు,
సగం ఓనరు