ఆఖరి ట్రిప్పు గారికి ఒక లారీ డ్రైవరు విన్నపం

మహారాజశ్రీ ఆఖరి ట్రిప్పు గారి దివ్య సముఖమునకు,

చెన్నై మాధవరంలో కాపురముంటూ, గూడూరు నుంచి నిమ్మకాయలో, నెల్లూరు నుంచి బియ్యమో, ఏది దొరికితే అది తోలుకొస్తూ, 61 ఏళ్లు నిండినా స్టీరింగు వదలని లారీ డ్రైవరు నమస్కరించి రాసుకునే విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఎడమ మోకాలు తప్ప అందరమూ క్షేమం. ఆ మోకాలు ముప్పై ఎనిమిదేళ్లుగా క్లచ్చి తొక్కుతున్నది కాబట్టి దాని అలకలో న్యాయం ఉంది.

తమరు నాకు కొత్తవారేమీ కారు. మొదటిసారి తమరు దయచేసింది 2017లో. పెద్దమ్మాయి పెళ్లికి చేసిన అప్పు తీరగానే మానేస్తానని ఇంటిదానికి మాట ఇచ్చి, చివరి వాయిదాకు సరిపోయే బాడుగ మీద రెడ్‌హిల్స్ మండీకి బియ్యం లోడు ఎత్తుకుని, “ఇదే ఆఖరి ట్రిప్పు” అని ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టి మరీ బయలుదేరాను. సరిగ్గా ఆ జూలై నెలలోనే జి.ఎస్.టి. వచ్చి, రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టులను ఎత్తివేశారు. ముప్పై ఏళ్ల పాటు ఆ క్యూలో నిలబడి దోమలకు రక్తదానం చేసినవాడిని, క్యూ లేని రోడ్డు ఎలా ఉంటుందో చూడకుండా దిగిపోవడం పెళ్లి పనులన్నీ చేసి భోజనాల వేళకు లేచిపోవడంలా ఉంటుందని అనిపించింది. ఒక్క ఏడాది చూసి మానేద్దామనుకున్నాను. తమరు పెద్దమనసుతో సరేనన్నారు.

రెండోసారి 2020 మేలో వచ్చారు. చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్టు కరోనా పుణ్యమా అని మూతపడి ఊరి బయటి తిరుమళిశైకి మారిన రోజుల్లో, గూడూరు నిమ్మకాయలు వెనక కుళ్లడం మొదలుపెడితే, నేను ముందు కూర్చుని ఎటు పోవాలో తెలియక, ఇల్లు చేరితే చాలు స్టీరింగు మళ్లీ ముట్టనని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. ఇల్లు చేరాను. అయితే ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఆ వేళలో లారీ డ్రైవర్లు లేకపోతే దేశం పస్తులుండేదని టీవీలో పదిమంది పొగడగా విన్నాను. జన్మలో మొదటిసారి వచ్చిన పొగడ్త కావడంతో తలకెక్కింది. స్వామివారికి మొక్కు వాయిదా వేసినందుకు అపరాధ రుసుముగా నూటొక్క రూపాయి ముడుపు కట్టి తమను మళ్లీ సాగనంపాను. ఇలా ఇప్పటికి తమరు పదమూడుసార్లు వచ్చి వెళ్లారు. ఈ ఎనిమిదేళ్లలో మా వీధికి సంక్రాంతి కూడా అన్నిసార్లు రాలేదు.

ఈ మధ్య మా బావగారు, అనగా మా అక్కగారి భర్త, నెల్లూరు జిల్లాలో ఉపాధ్యాయ ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశారు. ఆయన ఏ తేదీన దిగిపోతారో ప్రభుత్వానికీ, ఆయనకూ, ఆయన స్థానం మీద కన్నేసినవారికీ ఎప్పటి నుంచో తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసును 2022లో 60 నుంచి 62కు పెంచినప్పుడు కూడా అది ఒక అంకె నుంచి మరో అంకెకు జరిగిందే తప్ప గాలిలో కలిసిపోలేదు. ఆఖరి రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, ఆయన ఎన్నడూ చేయని ఘనకార్యాలన్నీ ఆయన చేశారని ప్రసంగించి, కారులో ఇంటిదాకా దిగబెట్టారు. ఆ సభలో వెనక వరుసలో కూర్చుని నేను తమ గురించే ఆలోచించాను. తమకు తేదీ లేదు, శాలువా లేదు, కనీసం వేళాపాళా కూడా లేదు. దిగిపోయే రోజు ఏదో నన్నే నిర్ణయించుకోమన్నారు. పెళ్లిచూపుల నాడు కూడా నన్నెవరూ అడగలేదు. ఇంత పెద్ద నిర్ణయానికి ఇప్పుడు నేను కావలసివచ్చానా?

తమను ఒక్కరినే నిందించడం ధర్మం కాదు. చట్టం తమకు ఎంతగా సహకరిస్తున్నదో చూడండి. నేను తోలే బండికి మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి ఎఫ్.సి., అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, చేయించాలి. వయసు మీద పడే కొద్దీ ఇనుమును ఎక్కువసార్లు పరీక్షించాలన్న జ్ఞానం చట్టానికి ఉంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించకుండా తుక్కు కిందకు పంపుతున్నారు. మరి ఆ ఇనుమును నడిపే మనిషి సంగతి? నా హెవీ లైసెన్సును మొదట్లో మూడేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోవలసివచ్చేది. 2019 సవరణలో దాన్ని ఐదేళ్లు చేశారు. అంటే నా కళ్లు మసకబారడం మొదలుపెట్టిన కాలానికి సరిగ్గా వాటిని చూసే గడువు పెరిగింది. దానికి పై వయసంటూ ఏమీ లేదు. గడువు తీరిన తరువాత కూడా ఏడాది లోపు వెళ్తే మళ్లీ బండి తోలి చూపించే పరీక్ష అక్కరలేదు. తటపటాయించేవాడి మనసు ఇంత బాగా ఎరిగిన చట్టం మరొకటి లేదని నా నమ్మకం.

పని గంటలకు 2025 నవంబరు దాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండనే ఉండేది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని అందులో స్పష్టంగా రాశారు. ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. మా ఓనరుకు ఉన్నవి రెండు లారీలు. కాబట్టి ఆ 8 గంటలు నాకు ఉదయం మొదలై అదే రోజు ముగియాలన్న నియమం ఎన్నడూ లేదు. ఇక అసంఘటిత కార్మికులకు 60 దాటాక నెలకు 3,000 రూపాయల పింఛను ఇచ్చే పథకం 2019లో వచ్చినప్పుడు పరుగున వెళ్లాను. చేరడానికి వయసు 18 నుంచి 40 లోపు ఉండాలన్నారు. నాకు అప్పటికి 55. పింఛను అవసరం కనుచూపు మేరలో లేనివాళ్లకే పింఛనులో చేరే అర్హత ఉంటుందని అక్కడ నేర్చుకుని తిరిగి వచ్చాను. నిరుడు ఎండల్లో ఇంజను వేడికి ఒళ్లంతా పేలి, ఇక దిగిపోదామని గట్టిగా అనుకున్న తరుణంలో, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలన్నింటికీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అన్న వార్త తెలిసింది. మా బండికి దానితో సంబంధం లేదు. అది అంతకు చాలా ముందు పుట్టింది. అయినా ఓనరు కొత్త బండి తీస్తాడేమో, ఒక్క ట్రిప్పు చల్లగా వెళ్లి చూసి మానేద్దామన్న ఆలోచన నా బుర్రలో పెట్టింది తమరు కాక మరెవరు?

తమ మాట నిజంగా పాటించి రెండు వారాలు ఇంట్లో కూర్చున్న సంగతి కూడా తమకు విన్నవించాలి. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్లు క్యాబిన్‌లో కాళ్లు ముడుచుకుని పడుకున్న శరీరానికి పొడుగాటి మంచం అనుమానాస్పదంగా తోచింది. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటే మా ఇంటావిడ భయపడి నాడి చూసింది. కరివేపాకు తెమ్మని పంపితే, వీధి చివర ఆగి ఉన్న వాహనాలన్నింటి టైర్లనూ చేతికర్రతో తట్టుకుంటూ వెళ్లాను. మా వృత్తిలో ప్రతి హాల్టులోనూ రాడ్డుతో టైరు కొట్టి చప్పుడు వింటాము. గాలి నిండుగా ఉన్న టైరు “టంగ్” అని ఎగిరి పలుకుతుంది, గాలి తగ్గినది “డబ్” అని బద్ధకంగా పలుకుతుంది, జంట చక్రాల్లో లోపలిది పంక్చరైనా కళ్లతో చూడకుండానే తెలిసిపోతుంది. అలా తట్టుకుంటూ పోతుండగా ఒక కొత్త కారు “డబ్” అన్నది. ఆ సంగతి చెబుదామని యజమాని తలుపు కొడితే, ఆయన నన్ను టైర్ల దొంగ అనుకున్నాడు. పదిహేనో రోజున మా ఆవిడే, “ఇంకొక్క ట్రిప్పు వెళ్లి రారాదా” అన్నది. కనుక తమరు నా ఒక్కడి వ్యసనమని ఎవరైనా అంటే నమ్మకండి.

ఓనరు సంగతి చెప్పనే అక్కరలేదు. మానేస్తానన్న ప్రతిసారీ, “నీలాంటి డ్రైవరు ఎక్కడ దొరుకుతాడన్నా” అంటాడు. ఆ మాట బత్తా పెంచడం కన్నా చవక అని నాకు తెలుసు, తెలిసీ ప్రతిసారీ పడిపోతాను. అందులో కొంత నిజం లేకపోలేదు. నా దగ్గర క్లీనర్లుగా చేరి డ్రైవర్లయినవాళ్లు ఏడుగురు. చివరివాడు నా పక్కన నాలుగు నెలలు కూర్చుని, అన్నం పొట్లాలు చేరవేసే బైకు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రాత్రికి ఇంటికి పోవచ్చట. ఆ ఒక్క కారణానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. ఆ తరువాత క్లీనరు లేడు. కొబ్బరికాయ కొట్టేదీ నేనే, పట్టా కప్పేదీ నేనే, రివర్సు చెప్పేదీ నేనే.

అన్నట్టు, ఆ రివర్సు దగ్గరే తమతో నా అసలు తగాదా.

నేను మద్రాసు వచ్చిన కొత్తలో కొత్వాల్ చావడి మార్కెట్టు సందుల్లో, అటూ ఇటూ జానెడు సందు కూడా లేని చోట, కాయగూరల బండిని వెనక్కి నడిపినవాడిని. 1996లో ఆ మార్కెట్టు కోయంబేడుకు తరలింది, అదే ఏడాది మద్రాసు చెన్నై అయింది, నా రివర్సు మాత్రం మారలేదు. అద్దంలో ఒకసారి చూస్తే చాలు, ఒకే ఊపులో బండి వెళ్లి గోడకు మూరెడు దూరంలో నిలబడేది. ఆ రోజుల్లో హమాలీలు నన్ను అరవంలో “తంబీ”, అంటే తమ్ముడూ, అనేవారు. తరువాత చాలాకాలం “అణ్ణే”, అంటే అన్నా, అన్నారు. అదొక పదోన్నతిగా స్వీకరించాను. “పెరియవరే”, అంటే పెద్దాయనా, అన్నప్పుడు మర్యాద పెరిగిందని సంతోషించాను. మొన్న రెడ్‌హిల్స్ మండీలో, నేను వంద బండ్లు పెట్టిన అదే గోడ దగ్గర, ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు స్టీరింగు తిప్పినా బండి కుదరక వెనక మడ్‌గార్డు గోడకు రాసుకున్నప్పుడు, ఫోను చూసుకుంటున్న ఒక కుర్రాడు తల ఎత్తి, “తాతా, దిగు, నేను పెడతా” అన్నాడు. అరవంలోనూ తెలుగులోనూ ఆ పిలుపు ఒకటే కాబట్టి, అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా లేకపోయింది. వాడు ఒకే ఊపులో పెట్టాడు.

ఆ రాత్రి క్యాబిన్‌లో కాగితాల సంచి వెతుకుతుంటే, 2022లో లైసెన్సు రెన్యూవల్‌కు ఇచ్చిన వైద్య ధ్రువపత్రం నకలు దొరికింది. అప్పట్లో అది నింపిన డాక్టరు గారి గది పదడుగులు ఉంటుందేమో. ఆయన తల ఎత్తకుండానే నా రెండు కళ్లూ దివ్యంగా ఉన్నాయని రాసి, డబ్బు మాత్రం వెలుతురులో పట్టి చూసుకున్నారు. ఆ పత్రాల్లో ఏమి రాసి ఉంటుందో నేను ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు మా మనవరాలి చేత చదివించుకుంటే తెలిసింది: పగటి వెలుతురులో, అద్దాలు వాడేవారైతే అద్దాలతోనే, 25 మీటర్ల దూరం నుంచి మోటారు కారు నంబరు పలకను గుర్తించగలగాలి.

ఓనరు నుంచి నిన్న ఫోను వచ్చింది. బుధవారం గూడూరులో నిమ్మకాయల లోడు సిద్ధమట. ఇదే ఆఖరుదని నేను అనకముందే, “ఇదే ఆఖరు అంకుల్” అని ఆయన కొడుకు అన్నాడు. జవాబు రేపు చెబుతానన్నాను. ముందు తమకు రాయడం మర్యాద కదా.

ఈ ఉదయం ఎండ బాగా వచ్చిన తరువాత, మాధవరం లారీ స్టాండులో లోడు కట్టే తాడు తీసుకుని పద్నాలుగు బారలు కొలిచాను. 25 మీటర్లంటే 82 అడుగులు కదా, బారకు ఆరడుగుల చొప్పున రెండడుగులు నా లెక్కన ఎక్కువే. అద్దాలు తుడుచుకుని మా బండి నంబరు చూశాను. అక్షరం పొల్లు పోకుండా చదివాను. అంత సంతోషంలోనూ, కళ్లు మూసుకున్నా ఆ నంబరు చెప్పగలనని తట్టింది. అప్పుడు దాని పక్కన నిలిపి ఉన్న కారు వైపు తిరిగాను. మొదటి మూడు అంకెలూ తెలిశాయి. నాలుగోది మూడో ఎనిమిదో తేలలేదు. కళ్లు చికిలించాను, తల పక్కకు వంచాను, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, మూడు అని కూడా పైకి అన్నాను. తరువాత తాడు చేతికి చుట్టుకుంటూ ముందుకు నడిచాను. ఐదు బారలు చుట్టేసరికి అది ఎనిమిది.

ఇట్లు,
తమ చేత పదమూడుసార్లు వీడ్కోలు పుచ్చుకున్న విధేయుడు,
మాధవరం, చెన్నై.