40 శాతం అంటే ఎన్ని మిల్లీమీటర్లు?

కారు ముందు ఎడమ చక్రం కీచుమంటోంది. మొన్నీమధ్యే సర్వీసు అయింది. అప్పుడిచ్చిన చీటీలో ‘ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్స్: 40 శాతం’ అని ఉంది. ఫోన్ చేసి శబ్దం సంగతి చెబితే, “నలభై శాతం ఉన్నాయి కదా సార్, ఏం టెన్షన్ పడకండి” అన్నాడు సర్వీస్ అడ్వైజర్. దేంట్లో నలభై శాతం అని అడిగాను. “ప్యాడ్‌లో సార్” అన్నాడు. ఆ జవాబులో తప్పేం లేదు. పనికొచ్చే ముక్క కూడా ఏం లేదు.

బ్రేకు తొక్కితే, చక్రంతో పాటు తిరిగే డిస్క్ అనే పళ్లేన్ని ఒరుసుకుని ఆపేది ప్యాడ్. కొత్త ప్యాడ్ మీద అరిగే పదార్థం మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 12 అనుకుందాం. అందులో 40 శాతమంటే 4.8. కానీ సున్నా దాకా ఎవరూ అరగనివ్వరు, 3 దగ్గరికి వచ్చిందంటే మార్చేయమంటారు. అంటే వాడుకోదగ్గది 9 మాత్రమే. అందులో 40 శాతం 3.6, అడుగున వదిలేసిన 3 కలిపితే 6.6. అదే చీటీ, అదే చక్రం, జవాబులు మాత్రం రెండు. బ్రిటన్‌లో కార్లకు ఎం.ఓ.టీ. అనే తనిఖీ ఉంది. ప్యాడ్ 1.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే ఫెయిల్, అంతే. శాతాల గోల లేదు. నాకూ అలాంటి ఒక్క అంకె చెప్తే చాలు. ఆ ఒక్క అంకె తప్ప అన్నీ చెప్తారు.

ఈలోగా మా బావమరిది బానెట్ ఎత్తి, “బ్రేక్ ఆయిల్ తగ్గింది బావా, పోసేద్దాం” అన్నాడు. ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని డిస్క్‌కు నొక్కే క్యాలిపర్‌లో పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, అందుకే డబ్బాలో మట్టం తగ్గుతుంది, ఇప్పుడు నింపితే రేపు కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు పొంగి పొర్లుతుంది అని వివరంగా చెప్పాను. అంతా విని, “ఇంత తెలిసినవాడివి, ఎంత మిగిలాయో నువ్వే చూసుకోవచ్చుగా” అన్నాడు. అనేసి వాడు ఊరికి వెళ్లిపోయాడు.

సరే, చూద్దాం. కారును పార్కింగ్‌లోంచి కాస్త ముందుకు తీసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేశాను. మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి ప్లాస్టిక్ స్కేలు తెచ్చుకున్నాను. మందం కొలిచే గేజ్‌లు వేరే ఉంటాయని తెలుసు. అవి నా దగ్గర లేవనీ తెలుసు.

నిలబడి చూస్తే ప్యాడ్ కనబడదు. వంగితే కనబడదు. గొంతుకూర్చుంటే సగం కనబడుతుంది. చెంప నేలకు ఆనించి, ఒక కాలు ముడిచి, ఇంకోటి బారజాపి, ఫోన్ టార్చి వెలిగించి పళ్ల మధ్య పెట్టుకుని, నోరు తెరవని పిల్లాడి గొంతు చూస్తున్న డాక్టర్లా అల్లాయ్ కమ్మీల సందులోంచి చూస్తే అప్పుడు కనబడింది. తళతళలాడే డిస్క్, దాన్ని కరుచుకుని నల్లటి ప్యాడ్. స్కేలు లోపలికి దూర్చి, దాని చివర ప్యాడ్ వీపుకు ఆనించాను. ఆరు!

ఆరు మిల్లీమీటర్లు! అడ్వైజర్‌ను అనవసరంగా అనుమానించాను పాపం అనుకున్నాను. “ఆరు” అని పైకే అన్నాను. పళ్ల మధ్య ఫోన్ ఉండడం వల్ల అది “ఆవు” అని వచ్చింది.

ఇంతలో వెనక ఎవరిదో చెప్పుల చప్పుడు. “అయ్యో, పడిపోయాడు” అని ఒక ఆడగొంతు. పలుకుదామంటే నోట్లో ఫోనుంది. ఫోన్ తీస్తే వెలుతురు పోతుంది, వెలుతురు పోతే అంకె పోతుంది. సరిగ్గా అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. ప్యాడ్‌కు వెనకాల ఒక ఇనప పలక ఉంటుంది. అది అరిగేది కాదు, అరిగే పదార్థాన్ని దాని మీదే అతికిస్తారు. ఆ పలకే దాదాపు 5 మిల్లీమీటర్లు. నేను దాన్ని కూడా కలిపి కొలిచాను. ఆరులోంచి ఐదు పోతే ఒకటి! “అయ్యో, ఒకటే!” అన్నాను.

“ఏదో కలవరిస్తున్నాడు” అంది ఆడగొంతు. “కదిలించకండి, ముందు గాలి ఆడనివ్వండి” అన్నారెవరో. ఎవరో పేపరుతో విసరడం మొదలుపెట్టారు. ఆ గాలికి చక్రంలోని నల్లటి బ్రేకు పొడి లేచి నా కళ్లలో పడింది. నీళ్లు కారుతున్న కళ్లతో స్కేలును ఇంకాస్త దగ్గరగా చూస్తే ఆఖరి రహస్యం బయటపడింది. పిల్లల స్కేలులో సున్నా అంచు దగ్గర మొదలవ్వదు. అంచు తర్వాత నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, అప్పుడు సున్నా గీస్తారు. ఎందుకు వదులుతారో నాకెప్పటికీ అర్థం కాదు. ఒకటికి నాలుగు కలిపితే...

సరిగ్గా ఆ క్షణంలో పై అంతస్తు పెద్దాయన నా మొహం ముందు కూర్చుని, రెండు వేళ్లు చూపించి, “ఇవి ఎన్నయ్యా?” అన్నాడు.

“ఐదు!” అన్నాను.

ఆ తర్వాత ఎవరు నీళ్లు చల్లారో, ఎవరు చంకల్లో చేతులేసి నన్ను లేపారో చెప్పను. లేపుతున్న కంగారులో స్కేలు చెయ్యి జారి క్యాలిపర్‌కూ రిమ్‌కూ మధ్య ఇరుక్కుపోయింది. పెద్దాయన కారేమో నా కారు వెనకే ఉంది, ఆయన బయటికి వెళ్లాలి. స్కేలు ఇరుక్కుంది సార్, కాసేపు ఆగండి అన్నాను. రెండు వేళ్లను ఐదన్నవాడు చక్రంలో స్కేలుందంటే ఎవరు నమ్ముతారు? “పిచ్చి మాటలు మాని బండి తియ్యి నాయనా” అన్నాడు. తీశాను. కిర్ర్ర్ర్... ఫట్!

చూస్తున్నవాళ్లంతా ఒకేసారి తలలూపారు. “ప్యాడ్లు పూర్తిగా అయిపోయాయి” అని తీర్పు చెప్పాడు పెద్దాయన.

సర్వీస్ సెంటర్‌లో చక్రం విప్పారు. నేను కొలిచింది నిజమే, బయటి ప్యాడ్ ఐదు మిల్లీమీటర్లు. డిస్క్‌కు అవతలి వైపున్న లోపలి ప్యాడ్ రెండే మిల్లీమీటర్లు. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్ను బిగుసుకుపోయిందట, దాంతో పనంతా లోపలి ప్యాడే చేసింది. లోపలి దానికి ఒక చిన్న రేకు ఉంటుంది. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు దిగగానే డిస్క్‌కు తగిలి కీచుమనడమే దాని ఉద్యోగం. పాపం, అది దాని ఉద్యోగం అది చేసింది. మరి చీటీలో 40 ఎలా వచ్చిందయ్యా అంటే, “బయటికి కనబడేది చూసి రాస్తారు సార్. చక్రం విప్పి చూడాలంటే లేబర్ సెపరేటు” అన్నాడు అడ్వైజర్. 12లో 5 అంటే నిజంగానే 40 శాతం చిల్లర. కార్ల కంపెనీలు ఒక ప్యాడ్‌ను కనిపించని చోట ఎందుకు పెడతాయో తెలీదు గానీ, ఈ సర్వీస్ సెంటర్ల కోసమే పెట్టినట్టుంది.

ఒక చక్రానికే మార్చకూడదు కాబట్టి ముందు రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేశారు. పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. బిల్లులో చివర ‘చక్రంలో ఇరుక్కున్న వస్తువు తొలగింపు’ అని ఇంకో లైను. ఆ వస్తువును రెండు ముక్కలుగా కవర్లో పెట్టి ఇచ్చారు. ఒక ముక్క ఆరు దగ్గర మొదలవుతుంది. మా అమ్మాయి దాన్ని చూసి, “నాన్నా, రేపు నాకు జామెట్రీ పరీక్ష” అంది.

ఆ రాత్రి వాన పడింది. వానకు తడిసిన డిస్క్ మీద పల్చగా తుప్పు పడుతుంది. పొద్దున్నే రెండు మూడుసార్లు బ్రేకు తొక్కేదాకా కాస్త గరగరమంటుంది, తర్వాత అదే పోతుంది. మొదటిసారి తొక్కాను. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది.

“ప్యాడ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చయ్యా, ముందు నువ్వు డాక్టరుకు చూపించుకో!”